సేంగ్లా మామ్మ చేబదులు పిల్లలు

సేంగ్లా మామ్మ పేదరాలు. ఈ సంగతి మా హువాయ్ లేప్ ఊళ్ళో ఎవరికీ తెలియదు. చియాంగ్ మాయ్ పట్నంలో ఉండే 'చిరునవ్వుల వంతెన' అనే సేవాసంస్థ వారికి మాత్రమే తెలుసు. వారు కారు దిగి వచ్చి చెప్పేవరకూ పాపం ఆమెకు కూడా తెలియదు.

అప్పటిదాకా ఆమె తనను తాను ఊళ్ళో ఓ మోస్తరు పెద్దమనిషిగానే భావించుకుంటూ వచ్చింది. అందుకు ఆధారాలు లేకపోలేదు. టేకు స్తంభాల మీద ఎత్తుగా నిలబడ్డ ఇల్లు. వంటింటి అటక నిండా తువానావ్ బిళ్ళలు. సంతలో రేకుల పాక కింద, దారి మలుపులో, వచ్చేవాడికీ పోయేవాడికీ మొదట కనబడే చోటు. వీటన్నిటినీ మించి ఒక నోరు. ఆమె భర్త ఒకప్పుడు చేతి ట్రాక్టరు కొనుక్కొస్తానని ఫాంగ్ వెళ్ళి, ట్రాక్టరు బేరం కుదరక, దాన్ని అమ్మజూపినావిడ దగ్గరే స్థిరపడిపోయాడు. ఊరంతా పరామర్శకు వెళితే మామ్మ జిగురన్నం ముద్ద చేసుకుంటూ, "పోన్లెండి, ట్రాక్టరన్నా పంపిస్తాడేమో చూద్దాం," అంది. ట్రాక్టరు రాలేదు. పిల్లలు ముందునుంచీ లేరు. ఆమె మటుకు సోయా గింజలు ఉడకబెట్టుకుంటూ ఉండిపోయింది.

తువానావ్ అంటే ఆ గింజలే. ఉడికినవాటిని ఆకులు పరిచిన బుట్టలో మాగబెట్టి, ఉప్పూ కారం వేసి రోట్లో దంచి, అప్పడాల్లా తట్టి ఎండబెడతారు. నిప్పుల మీద కాల్చి నలిపి వేస్తే ఏ కూరకైనా ఆత్మ వచ్చి చేరుతుంది. ఆ ఆత్మకు వాసన కూడా ఉంటుంది. ఫరంగ్‌లు, అంటే తెల్లదొరల దేశాలనుంచి వచ్చే పిల్లలు, మొదటిరోజు ఆ ఇంట్లో అడుగుపెట్టగానే ముఖాలు చూసుకుని, నన్ను పక్కకు పిలిచి, "అటక మీద ఏదైనా జంతువు చనిపోయిందా?" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన పాపానికి ఊళ్ళో అనువాదం నా పని. "ఏమంటున్నారు?" అని మామ్మ అడిగితే, "ఇల్లు చాలా బాగుందంటున్నారు," అని చెబుతాను. దేశాల మధ్య స్నేహం ఇలాగే నిలబడుతుంది.

ఇక ఆమె పేదరికం కనిపెట్టబడిన విధం. సంస్థ తరఫున పిమ్‌లదా గారనే ఆమె మా ఊరికొచ్చింది. పట్నం మనిషి, మంచి మనిషి, నల్లకళ్ళద్దాలు తలమీద పెట్టుకుని అవి ఎక్కడున్నాయో వెతుక్కునే మనిషి. అడవి ఆకులతో నేసిన మామ్మ ఇంటి కప్పు చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. ఊళ్ళో మిగతా ఇళ్ళన్నిటికీ అప్పటికే రేకులు పడ్డాయి. మామ్మకు రేకులంటే పడదు. రేకు కింద ఉక్కపోసి, తెల్లవారేసరికి చెమ్మ బొట్లుబొట్లుగా దిగి తువానావ్‌కు బూజు పడుతుంది. ఆకు కప్పయితే ఊపిరి పీల్చుకుంటుంది. ఈ సాంకేతిక కారణం పిమ్‌లదా గారికి నేను విన్నవించాను కూడా. ఆమె తల ఊపుతూ, "పాపం, అభిమానం గల మనిషి, లేదని ఒప్పుకోదు," అని కళ్ళు తుడుచుకుంది.

నాటినుంచి విడతకు ఆరుగురు చొప్పున ఫరంగ్ పిల్లలు వచ్చి, రెండేసి వారాలు మామ్మ ఇంట్లోనే బసచేసి, ఆమె ఇంటికి రంగులు వేసి వెళుతున్నారు. రంగులే ఎందుకంటే, వారి పాదాలు నేలను వదలకూడదని సంస్థ వారి కట్టడి. నిచ్చెన ఎక్కి పడితే పూచీ ఎవరిది? కాబట్టి మానవసేవ యావత్తూ మెట్ల పక్కనా, ఇంటి కింద గదికీ, చెయ్యి అందినంత ఎత్తువరకూ జరిగేది. మొదటి విడత నీలం వేసింది. నీలం విచారంగా ఉందని తరవాతివారు పసుపు వేశారు. ఆ పైన మామిడిపండు రంగు, ఆ పైన చేతి ముద్రలు, ఆ పైన ప్రపంచ పటం. ఆ పటంలో మా దేశం ఉండవలసిన చోట తలుపు గొళ్ళెం వచ్చింది. పూత మీద పూత పడి తలుపు లావెక్కి గుమ్మంలో పట్టడం మానేసింది.

ఇంత శోభాయమానమైన ఇల్లు పైనుంచి కారుతుండేది.

కిందటి వానల్లో అటక మీది సరుకు సగం బూజు పట్టిపోయింది. తువానావ్‌కు అసలు గిరాకీ వానాకాలంలోనే. ఎండ లేక ఎవరూ కొత్తగా చేసుకోలేరు కాబట్టి, ఎండాకాలంలో చేసి దాచినవారిదే రాజ్యం. సరుకు లేక మామ్మ సంత చోటు కొన్నాళ్ళు ఖాళీగా పడి ఉంది. మా సంతకు ఒకటే ధర్మశాస్త్రం: వానల్లో చోటు ఖాళీ పెట్టినవారు మరుసటి ఏడూ ఖాళీ పెడితే, అది అడిగినవారిది. అడగడానికి ఓన్ సిద్ధంగా ఉంది. ఓన్ వెదురు చిగుళ్ళు అమ్ముతుంది. పాక చివర, కోళ్ళ గంపల పక్కన కూర్చుంటుంది. మలుపు చోటు మీద ఆమెకు పెళ్ళయిన నాటినుంచీ కన్ను.

అందుచేత ఈ వేసవిలో కప్పు నేయించకపోతే మామ్మకు తువానావ్ పోతుంది, తువానావ్ పోతే చోటు పోతుంది, చోటు పోతే ఆమె నోటికి పనే ఉండదు. ఆకులకు కొదవ లేదు. అడవిలో పళ్ళెమంత ఆకులు ఊరికే రాలతాయి. ఆమె ఇంటి కింద కూర్చుని వాటిని వెదురు బద్దలకు కుట్టి, తడికలు చేసి పేర్చుకుంటూనే ఉంది. కావలసింది పైకెక్కే మనుషులు.

ఇక్కడే అసలు చిక్కు. మా వైపు రోజుకు రోజే కూలి. నా వరినాట్లకు నువ్వొక రోజు వస్తే, నీ వెల్లుల్లి పీకడానికి నేనొక రోజు వస్తాను. ఒంట్లో బాగాలేకపోతే నా ఇంట్లోంచి ఇంకొకరు వస్తారు. బాకీ మనిషిది కాదు, ఇంటిది. తిరిగి తీసుకోకుండా పనిచేసేది రెండే చోట్ల, గుడికీ, చావుకీ. మామ్మ మోకాళ్ళు అరిగిపోయాక ఆమె ఎవరి పొలానికీ వెళ్ళలేకపోతోంది. తను వెళ్ళలేనప్పుడు ఎవరినీ పిలవదు.

ఊరిపెద్ద ఇన్‌ఖామ్ దయగల మనిషి. ఒకనాడు మెట్ల దగ్గర నిలబడి అడిగాడు.

"మామ్మా, మనవాళ్ళని పది మందిని పంపిస్తాను. పొద్దున ఎక్కి సాయంత్రానికి కప్పేసి దిగుతారు. నువ్వు తిరిగి రానక్కర్లేదు."

"ఎందుకు రానక్కర్లేదు? నేనేమన్నా గుడినా?"

"అది కాదు..."

"పోనీ శవాన్నా?"

ఇన్‌ఖామ్ నాలిక కరుచుకుని, తన చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

"మరి ఫరంగ్‌లు ఊరికే చేస్తుంటే ఒప్పుకుంటున్నావుగా మామ్మా?" అన్నాను నేను.

"వాళ్ళు నా ఇంటికా రంగేస్తున్నారు మాస్టారూ? వాళ్ళ పుణ్యానికి వేసుకుంటున్నారు. గోడ నాదైంది, అంతే." కుట్టిన తడికను విసిరి కుప్పమీద వేసింది. తరవాత సూది బెజ్జంలో దారం ఎక్కిస్తూ చాలాసేపు ఏదో ఆలోచించింది. ఆమె మౌనంగా ఉంటే ఊరికి మంచిది కాదని నాకు అప్పుడే తోచవలసింది.

మార్చిలో కొత్త విడత దిగింది. ఆరుగురిలో పెద్దవాడు బాస్ అనే హాలండు కుర్రాడు. ఎంత పొడుగంటే మా ఇళ్ళల్లో ప్రతి దూలానికీ వంగి దండం పెట్టేవాడు, అయినా ప్రతి దూలమూ అతణ్ణి కొట్టేది. వచ్చినవారికి ముంజేతికి తెల్లదారం కట్టి, మనిషికుండే ముప్పై రెండు ప్రాణాల్లో చెదిరినవాటిని పిలిచి ఒంట్లో కుదురుకోమనడం మా ఆచారం. ఎప్పుడూ ఊరి చావడిలో ఇన్‌ఖామ్ భార్య కట్టేది, పిమ్‌లదా గారు ఫొటోలు తీసేది. ఈసారి దారం తన ఇంట్లోనే, తన చేతులతోనే కడతానని మామ్మ పట్టుబట్టింది. ఊరి పెద్దలనందరినీ పిలిచింది. అందరూ చాప మీద వరసగా కూర్చున్నారు. ఆమె ఒక్కొక్కరి ముంజేయి పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది:

"మీ ముప్పై రెండు ప్రాణాలూ ఈ ఇంటికి రావాలి. ఈ పొయ్యి మీ పొయ్యి. ఈ అన్నం మీ అన్నం. ఈ ఇంటి పని మీ పని. ఈ ఇంటి బాకీ మీ బాకీ."

నేను పొయ్యి, అన్నం దాకా అనువదించి, మిగతాది గొంతు పూడుకుపోయినట్టు వదిలేశాను. ఆరుగురూ ఏడ్చారు. బాస్ అయితే ముక్కు చీదుకుని మామ్మను కౌగిలించుకున్నాడు; ఆమె అతని మోచేతి కింద కనిపించకుండా పోయింది. పెద్దలందరూ సాక్షులు. పురుడూ పుణ్యం ఏదీ లేకుండా సేంగ్లా మామ్మ ఒక్కసారిగా ఆరుగురు ఎదిగిన బిడ్డల తల్లి అయింది.

మర్నాడు పొద్దున్నే ఇన్‌ఖామ్ ఇంటి అరుగు మీద సభ. మామ్మ వెళ్ళి కూర్చుంది. ఎదురుగా పేంగ్ బాబాయ్. ఊళ్ళో అందరికంటే పెద్ద వెల్లుల్లి మడి ఆయనది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు అల్లుళ్ళు. కప్పు నేతలో ఆ ఇంటి మగాళ్ళని మించినవారు చుట్టుపక్కల లేరు. మితభాషి, పిసినారి, పైగా మామ్మకు తమ్ముడి వరస.

"పేంగ్, నీ వెల్లుల్లి పీకుడికి నా పిల్లల్ని పంపిస్తాను," అంది మామ్మ. "నీ వాళ్ళు వచ్చి నా కప్పు నేస్తారు. రోజుకు రోజు."

"నీ పిల్లలేంటక్కా?"

"ఆరుగురున్నారు. నిన్న దారం కట్టానుగా. నువ్వూ వచ్చి రెండు గిన్నెలు పాయసం తిన్నావు."

పేంగ్ బాబాయ్ తల పక్కకు తిప్పి, కాలవగట్టున పళ్ళు తోముకుంటున్న ఆ బంగారు జుట్ల గుంపును చూశాడు. "ఒక్కళ్ళకీ నీ పోలిక లేదే!"

"వాళ్ళ నాన్న పోలిక. ఆయన ఊళ్ళు తిరిగేవాడుగా."

అరుగంతా గొల్లుమంది. కానీ న్యాయం న్యాయమే. దారం కట్టింది నిజం, సాక్షులున్నారు, బాకీ ఇంటిది. ఇక తేలవలసింది మారకం. ఒక ఫరంగ్ రోజు, ఒక మనిషి రోజుకు సమానమా?

"సమానమెలా అవుతుంది? కిందటేడు ఒకమ్మాయి నా మడిలో వానపామును చూసి దానికో పేరు పెట్టి, పక్కన కూర్చుంది. మధ్యాహ్నందాకా అక్కడ తవ్వనివ్వలేదు," అన్నాడు పేంగ్ బాబాయ్.

"అయితే ఇద్దరికి ఒక మనిషి," అన్నాడు ఇన్‌ఖామ్.

"ముగ్గురికి."

"ఆ పొడుగువాణ్ణి కూడా ముగ్గురిలో కలుపుతావా? వాడు నిలబడితే నీ మడి సగం నీడ!"

"వాణ్ణి సగం మనిషి కింద తీసుకుంటాను. మరి తిండికి?"

"తిండికి ఇద్దరు," అంది మామ్మ నిజాయితీగా. పొలానికి వచ్చినవారికి మధ్యాహ్నం అన్నం పొలంవాడే పెట్టాలి కనక ఇది చిన్న విషయం కాదు. "ఇద్దరు ఆడపిల్లలు మాంసం తినరు. ఒకమ్మాయి కూరలో ఉప్పుకు బదులు వేసే చేపనీళ్ళు కూడా ముట్టదు."

"చేపనీళ్ళు కూడా లేకపోతే ఇక కూరలో ఏం మిగులుతుంది?"

"నీ పెళ్ళాం వంట మిగులుతుంది. అదీ తెలియాలిగా నీకు."

చివరికి ముగ్గురు ఫరంగ్‌లు ఒక మనిషికి సమానమనీ, బాస్ ఒక్కడూ సగం మనిషనీ, చేపనీళ్ళు ముట్టని పిల్లకు మామ్మే గుడ్డు కట్టి పంపాలనీ ఇన్‌ఖామ్ తీర్పు చెప్పాడు. ప్రపంచంలో దేశాల మధ్య ఇంత స్పష్టంగా కుదిరిన ఒప్పందాలు తక్కువ.

పిమ్‌లదా గారిని ఒప్పించడం నా వంతు. ఫోన్‌లో మొదట ఆమె తటపటాయించింది. గోడకు ఈసారి ఊదా రంగు అనుకున్నారట, డబ్బాలు కూడా వచ్చేశాయట. నేను, "స్థానిక రైతుల జీవనోపాధిలో ప్రత్యక్ష భాగస్వామ్యం," అన్నాను. "ఇంకోసారి చెప్పండి," అంది. చెప్పాను. "నెమ్మదిగా," అంది. రాసుకుంటోందని అర్థమైంది. "పాదాలు నేలమీదే ఉంటాయా?" అని అడిగింది. వెల్లుల్లి ఇంతవరకూ ఎక్కడా చెట్టుకు కాసిన దాఖలాలు లేవని హామీ ఇచ్చాను.

పిల్లలు బాగానే పనిచేశారు. పాట పాడుతూ పీకారు. మొదటిరోజు సాయంత్రం పేంగ్ బాబాయ్ వచ్చి, ముగ్గురికి ఒకటనే మారకం మామ్మకు కాస్త అన్యాయమేమో అని తనలో తాను అన్నట్టు గొణిగాడు కూడా. మామ్మ విననట్టు విన్నది.

ఉపద్రవం రెండోరోజు మధ్యాహ్నం వచ్చింది. పేంగ్ బాబాయ్ కాలవ మళ్ళించడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మడిగట్టున గంపలు బారుగా పెట్టి ఉన్నాయి. గంపల నిండా వెల్లుల్లి గడ్డలు, మల్లెమొగ్గల్లా తెల్లగా, కాడలు మొదలంటా కోసి, కాలవలో శుభ్రంగా కడిగి. కోసిన కాడలు ఒక పక్కన కుప్ప. ఆ కుప్ప పక్కన బాస్, చెవులదాకా నవ్వుతూ. వాళ్ళ దేశంలో వెల్లుల్లి అంగడికి అలాగే వస్తుందట. మట్టితో, కాడలతో పడి ఉన్న పంటను చూసి, పెద్దాయనకు పని తగ్గిద్దామని వాళ్ళకు దయ పుట్టింది.

మాకు వెల్లుల్లి అంటే కాడే. కాడలతో కట్టలు కట్టి ఇంటి కింద వాసాలకు వేలాడదీస్తే వానల్లో ధర పలికేదాకా నిలవుంటుంది. కాడ కోసి కడిగినదాన్ని ఇవాళో రేపో అయినకాడికి తెగనమ్ముకోవాలి. పేంగ్ బాబాయ్ గట్టుమీద కూలబడ్డాడు. తరవాత లేచి మాట్లాడాడు. మితభాషి అని నేను ముందు రాసినది సవరించుకుంటున్నాను.

"ఏమంటున్నారు?" అని బాస్ ఆత్రంగా అడిగాడు.

"చాలా చలించిపోయారు," అన్నాను.

సాయంత్రానికి ఆయన మామ్మ మెట్ల కింద నిలబడి ఊరంతటికీ వినిపించేలా అరిచాడు. "బాకీ నాది కాదక్కా, నీది! నీ కప్పుకు నా ఇంటివాడొక్కడు వచ్చాడా, వాడి కాళ్ళు విరగ్గొడతాను! ఎన్ని రోజుల పంట పోయిందో అన్ని రోజులూ నీ ఇల్లు నాకు చెయ్యాలి!"

పేంగ్ ఇంటివారు రాకపోతే ఇంకెవరూ రారు. మామ్మ మెట్ల పైన కూర్చుని ఏమీ అనలేదు. నేను ఆమెను ఎరిగిన ఇన్నేళ్ళలో ఎవరైనా అరిచిన తరవాత ఆమె ఏమీ అనకపోవడం అదే మొదలు. పడమటి కొండల మీద మబ్బు కమ్ముతోంది. ఎండాకాలం గాలివాన మా వైపు చెప్పి రాదు. కప్పులో పట్టపగలే ఆకాశం కనిపించే చోట్లున్నాయి. వాటి కింద అటక, అటక మీద ఏడాది బతుకు.

సరిగ్గా అప్పుడే ఓన్ చాప చంకన పెట్టుకుని అటుగా వచ్చింది. "అక్కా, ఇవాళ సంతలో నీ చోట నా గంప పడుతుందో లేదో ఊరికే పెట్టి చూసుకున్నా. ఏమనుకోకు. పట్టింది."

"మహా సంతోషం," అంది మామ్మ. గొంతులో పస లేదు. ఓన్ కూడా కాస్త కంగారు పడి, చాప సర్దుకుని వెళ్ళిపోయింది.

"మాస్టారూ," అంది మామ్మ కాసేపటికి, "ఇప్పుడు పేంగ్‌కి నేనెన్ని రోజులు బాకీ?"

"చాలానే ఉంటాయి."

"నా మోకాళ్ళల్లో అన్ని లేవు." మోకాళ్ళ మీద అరచేతులు వేసుకుని అలాగే కూర్చుంది. కింద బాస్, చూరు కింద వంగి నిలబడి, పెద్దాయన ఎందుకు కేకలు వేశాడో చెప్పమని నన్ను పట్టుకున్నాడు. ఒక్కసారికి అనువాదం మాని నిజం చెప్పాను. కాడ సంగతి, రోజుల సంగతి, దారం సంగతీ అన్నీ. కుర్రాడి ముఖం వెల్లుల్లికంటే తెల్లబడింది. పరుగున వెళ్ళి, పర్సు తీసి, పేంగ్ బాబాయ్ చేతిలో ఉన్నదంతా పెట్టబోయాడట.

"డబ్బా?" అని మండిపడ్డాడట ఆయన. "నేను వీడికి వెల్లుల్లి అమ్మానా? పొమ్మను!"

ఈ కబురు విని మామ్మ తల ఎత్తింది. "డబ్బు వద్దన్నాడా? రోజులే కావాలన్నాడా?"

"రోజులే కావాలట."

"ఇన్‌ఖామ్‌ని పిలవండి," అంది. గొంతులో పస వచ్చేసింది.

మళ్ళీ అదే అరుగు. పేంగ్ బాబాయ్ చేతులు కట్టుకుని స్తంభంలా కూర్చున్నాడు. మామ్మ రెండు చేతులూ జోడించి, గుడిలో కూర్చున్నంత వినయంగా మొదలుపెట్టింది.

"తప్పు నా ఇంటిది తమ్ముడూ. నువ్వు అడిగినన్ని రోజులూ ఇస్తాను. బేరం లేదు."

ఆయన అనుమానంగా చూశాడు. "ఎవరు చేస్తారు? నువ్వా?"

"నా పిల్లలు."

"వాళ్ళు శనివారం పోతున్నారుగా!"

"మళ్ళీ ఆరుగురొస్తారు. వాళ్ళకీ దారం కడతాను. ఆ తరవాత ఇంకో ఆరుగురు. బాకీ ఇంటిదేగా? నీ మనవలు పెద్దయ్యేదాకా చేస్తారు. కాడ కొయ్యకుండా దగ్గరుండి నేర్పుకో."

పేంగ్ బాబాయ్ చేతులు కొంచెం సడలాయి. నీళ్ళు తాగాడు.

"కాకపోతే," అంది మామ్మ, విచారంగా, "ఒక చిన్న చిక్కు. వాళ్ళు నా ఇంట్లో బస చేస్తేనే నా పిల్లలు. కిందటేడు పరుపులు తడిసినప్పుడే పిమ్‌లదా గారు అంది, ఇల్లు ఇలాగే కారితే ఇంకో ఊరు చూసుకుంటామని. మాస్టారే సాక్షి. వానలు వచ్చాయంటే పిల్లలు రారు. వాళ్ళు రాకపోతే నీ రోజులు రావు. నాకేమో మోకాళ్ళు లేవు. పాపం, నిన్ను తలుచుకుంటేనే నాకు బాధగా ఉంది."

ఇన్‌ఖామ్ నవ్వు ఆపుకోవడానికి ఇంటి వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు.

"అంటే," అన్నాడు పేంగ్ బాబాయ్ ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, "నా వెల్లుల్లి పాడుచేసిన ఇంటికి, నేనే కప్పు నెయ్యాలా?"

"నెయ్యమని ఎవరన్నారు? నీ బాకీ, నీ ఇష్టం."

"ఇదేం న్యాయం ఇన్‌ఖామ్?"

ఇన్‌ఖామ్ గొంతు సవరించుకున్నాడు. ఆ ఇల్లు తడిస్తే పేంగ్ గారి రోజులు కూడా తడుస్తాయనీ, బాకీ ఎవరికి రావాలో వారికే ఆ ఇల్లు నిలబెట్టుకునే హక్కు అందరికంటే ముందుంటుందనీ, ఆ హక్కును ఊరు అడ్డుకోదనీ గంభీరంగా ప్రకటించాడు. ఇది హక్కు అని తెలిశాక పేంగ్ బాబాయ్ దాన్ని ఎలా వదులుకుంటాడు? ఆయన పుట్టిన తరవాత దేన్నీ వదులుకున్న మనిషి కాదు.

మర్నాడు తెల్లవారేసరికి కొడుకులతో, అల్లుళ్ళతో కప్పెక్కాడు. పాత ఆకు దించి, కొత్త తడికలు చూరు నుంచి పైకి వరసలుగా పరిచి కట్టుకుంటూ పోయారు. మామ్మ కింద కూర్చుని, "అక్కడ వదులుగా కట్టావు, అల్లుడూ, నీ మామగారి రోజులు కారిపోతాయి!" అని హెచ్చరికలు చేస్తూ ఉంది. తడికలు అందించే దగ్గర మొదట ఆలస్యమైంది. అప్పుడు బాస్ ముందుకొచ్చి, పాదాలు నేలమీదే ఉంచి, చేతులెత్తి తడికను నేరుగా పై వాసం మీద పెట్టాడు. నిచ్చెన మీద మధ్యలో నిలబడే మనిషి అక్కర్లేకపోయాడు. మిగిలిన అయిదుగురూ కుప్ప దగ్గరనుంచి అతనిదాకా వరస కట్టారు.

"ఒరే బాస్, ఇంకోటి!" అని పైనుంచి పేంగ్ బాబాయ్.

మధ్యాహ్నానికి ఆయన కిందకు వంగి ఇన్‌ఖామ్‌కు చెప్పాడు. "ఇవాళ్టికి వీణ్ణి పూర్తి మనిషి కింద వేసుకోండి." కాస్త ఆగి, "తిండికి మటుకు ఇద్దరే," అన్నాడు.

పని ముగింపుకొచ్చిన వేళకు పిమ్‌లదా గారి కారు వచ్చింది. ఆమె ముందుగా ఆరుగురి పాదాలూ చూసింది. పన్నెండూ నేల మీదే ఉన్నాయి. అప్పుడు కప్పు చూసి, గుండె మీద చెయ్యి వేసుకుని, ఫొటోలు తీసింది. తరవాత ఆ ఫొటో సంస్థ వారి గోడమీదకు ఎక్కింది, 'మన యువత నిలబెట్టిన ఇల్లు' అని కింద రాసి. అందులో పిల్లలందరూ నవ్వుతున్నారు. పై అంచున, నడికప్పు దగ్గర, పేంగ్ బాబాయ్ కాళ్ళు మోకాళ్ళవరకూ పడ్డాయి. ఆయనకు చూపిస్తే, "నా కాళ్ళే," అని ఒప్పుకున్నాడు.

శనివారం పిల్లలు వెళ్ళిపోయారు. బాస్ ముంజేతి దారం విప్పనన్నాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం గాలివాన దిగింది. చెట్లు వంగిపోయేంత గాలి, గోలీల్లాంటి వడగళ్ళు. ఊళ్ళో రేకులన్నీ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టాయి. నేను మామ్మ ఇంట్లోనే ఇరుక్కుపోయాను. ఆ హోరులో మెట్లమీద ధబధబమని చప్పుడు. పేంగ్ బాబాయ్, నిలువునా తడిసి, తలమీద గంప బోర్లించుకుని.

"ఎక్కడైనా కారుతోందా?"

"నువ్వు తప్ప ఇంట్లో ఏదీ కారట్లేదు," అంది మామ్మ. "గుమ్మం దగ్గర నిలబడు."

ఆయన వినలేదు. వంటింట్లోకి పోయి, అటక నిచ్చెన ఎక్కి, చీకట్లో ఒక్కొక్క గంపలో చెయ్యిపెట్టి తడిమి చూశాడు. బిళ్ళలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. చెమ్మ లేదు. దిగివచ్చి, పొయ్యి పక్కన కూర్చుని, కప్పు వంక చూశాడు. తన సొత్తును చూసుకునే చూపు.

మామ్మ ఒక బిళ్ళ నిప్పుల మీద కాల్చి ఆయన చేతిలో పెట్టింది. "తిను. నీ రోజులు భద్రంగా ఉన్నాయి."

"మళ్ళీ విడత ఎప్పుడొస్తారు?"

"కొత్త సంవత్సరం నీళ్ళ పండగ అయ్యాక."

ఆయన నములుతూ ఆలోచించాడు. "ఈసారి ఆ మడిలో గుమ్మడి వేస్తా. కాడ కోసినా, కడిగినా, దానికి పేరుపెట్టి పక్కన కూర్చున్నా, గుమ్మడికేం నష్టం లేదు."

వేశాడు కూడా. కాలవ పొడుగునా గుమ్మడి తీగలు పాకాయి. మారకం ఇద్దరికి ఒకటికి పెరిగింది. పిమ్‌లదా గారు తన పుస్తకంలో, మా ఊరు కొత్త పంటవైపు మళ్ళడం సంస్థ సాధించిన ఫలితమని రాసుకుంది. నాకు తెలిసినంతవరకూ అందులో అబద్ధమేమీ లేదు.

వానలు దంచికొడుతున్న రోజుల్లో ఒక సంతనాడు, రేకుల పాక కింద, దారి మలుపులో, సేంగ్లా మామ్మ తువానావ్ గంపలు మూడు తెరిచి పెట్టుకుని కూర్చుంది. చుట్టూ జనం. ఓన్ తన వెదురు చిగుళ్ళు వదిలి వచ్చి, ఒక బిళ్ళను వేళ్ళమధ్య విరిచి చూసింది. పెళుక్కుమంది.

"ఇంత ముసురులో ఎలా కాపాడావక్కా?"

"బాకీలున్నాయి కదే," అంది మామ్మ, బేరమాడే ఆవిడకు బిళ్ళలు లెక్కపెట్టి ఇస్తూ. "ఊరికే తడవనిస్తారా?"